పన్నిద్దరి పాఠశాల

పాఠ్యభాగ పరిచయం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. అంతర్జాలం ద్వారా కొద్దిమందికి ఒక విషయాన్ని బోధించి, అందుకు రుసుము స్వీకరించడం నేడు చాలామంది చేపడుతున్న పని. ఆ పనిని స్వయంగా చేసి, మొదట ఓడి, తర్వాత నిలదొక్కుకొన్న ఒక తెలుగు అధ్యాపకుని అనుభవం ఇందులో ఉంది. విద్యను విక్రయించడం దోషమా అన్న ప్రశ్నను ప్రాచీన సాహిత్యం వెలుగులో పరిశీలించి, బోధకుడు పాటించవలసిన ధర్మాన్ని, అభ్యాసకుడు చూపవలసిన వివేకాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విద్యను అమ్మవచ్చునా? ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్త కాదు. పంచతంత్ర కథాముఖంలో మహిళారోప్య నగరాన్ని ఏలే అమరశక్తి, తన ముగ్గురు కుమారులకు చదువు అబ్బలేదని దుఃఖిస్తాడు. విష్ణుశర్మను పిలిపించి, వారిని నీతిశాస్త్రంలో ప్రవీణులను చేస్తే నూరు అగ్రహారాలు ఇస్తానంటాడు. తాను విద్యను అమ్ముకొనేవాడిని కానని ఆ వృద్ధ పండితుడు బదులు చెబుతాడు. అయినా రాజపుత్రులకు పాఠం చెప్పడానికి అంగీకరిస్తాడు. ఆరు నెలల గడువు తానే పెట్టుకొంటాడు. ఆ గడువులో మాట నిలుపుకోలేకపోతే తన పేరు మార్చుకొంటానని ప్రతిజ్ఞ చేస్తాడు. ముగ్గురు శిష్యులు, ఒకే విషయం, నిర్ణీతమైన కాలం, ఫలితానికి పూచీపడిన గురువు! నేటి అంతర్జాల పాఠక్రమానికి కావలసిన లక్షణాలన్నీ ఆ ప్రతిజ్ఞలోనే ఉన్నాయి.

కాళిదాసు ఈ ప్రశ్నను మరొక వైపు నుంచి చూశాడు. మాళవికాగ్నిమిత్ర నాటకం మొదటి అంకంలో గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు తమలో ఎవరు అధికులో తేల్చమని రాజసన్నిధికి వస్తారు. కొలువు దొరికింది కదా అని వాదానికి జంకి, ఇతరులు నిందించినా సహించి, చదువును కేవలం బ్రతుకుతెరువుగా వాడుకొనేవాడు జ్ఞానాన్ని సరకు చేసుకొన్న వర్తకుడన్న భావం ఆ సందర్భంలో వస్తుంది. ఆ ఆచార్యులిద్దరూ వేతనం పుచ్చుకొనేవారే. కవి తప్పుపట్టింది వేతనాన్ని కాదు, పరీక్షకు నిలబడని పిరికితనాన్ని. ఈ భేదం నాకు పుస్తకం చదివినప్పుడు తెలియలేదు. స్వయంగా పాఠాన్ని అమ్మబోయి ఓడినప్పుడు తెలిసింది.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా కళాశాలలు మూతపడ్డాయి. ముప్పై ఏండ్లుగా నల్లబల్ల ముందు నిలబడిన నాకు ఇంట్లో కూర్చోవడం కష్టమయింది. ఛందస్సు మీద పాఠాలు సిద్ధం చేసి అంతర్జాలంలో విక్రయించాలనుకొన్నాను. లక్షణ గ్రంథాలలోని క్రమాన్నే అనుసరించి, గణాల నుంచి వృత్తాల వరకు 36 వీడియోలు చిత్రీకరించాను. ఆ పనికి నాలుగు నెలలు పట్టింది. మూడువేల రూపాయలు వెల నిర్ణయించి ప్రకటించాను. మరి నాలుగు నెలలు గడిచినా కొన్నవారు ఇద్దరే. అందులో ఒకరు మా పినతండ్రి కుమారుడు. అతడు మొదటి పాఠం కూడా పూర్తిగా చూడలేదని తర్వాత తెలిసింది.

లోకానికి ఛందస్సు మీద ఆదరం లేదని కొన్నాళ్లు నిందించాను. ఒకనాడు కథాసరిత్సాగరం తిరగవేస్తూ ఉండగా నా పొరపాటు నాకు కనబడింది. పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర కవి సోమదేవుడు అందులో ఒక శాతవాహన రాజు కథ చెప్పాడు. జలక్రీడలో అలసిన రాణి తనను నీళ్లతో కొట్టవద్దని సంస్కృతంలో అన్నది. ఆమె మాటలోని ‘మోదకైః’ అన్న పదంలో ‘మా’, ‘ఉదకైః’ అనే రెండు పదాలు సంధిలో కలిసి ఉన్నాయి. రాజు ఆ సంధి ఎరుగక, తనను మోదకాలతో కొట్టమంటున్నదని భావించి, లడ్డూలు తెప్పించాడు. రాణి నవ్వింది. రాజు అవమానంతో మంచం పట్టాడు. వ్యాకరణం నేర్చుకోవడానికి సాధారణంగా పన్నెండేండ్లు పడుతుందనీ, తాను ఆరేండ్లలో నేర్పుతాననీ గుణాఢ్యుడు అన్నాడు. శర్వవర్మ ఆరు నెలలు చాలునన్నాడు. అది అసాధ్యమని తలచిన గుణాఢ్యుడు, అదే జరిగితే సంస్కృతాన్నీ, ప్రాకృతాన్నీ, దేశభాషనూ విడిచిపెడతానని శపథం చేశాడు. శర్వవర్మ కాతంత్ర వ్యాకరణంతో మాట నిలుపుకొన్నాడు. గుణాఢ్యుడు కొలువు విడిచి అడవికి వెళ్లి, పైశాచీ భాషలో బృహత్కథ రచించాడు.

ఈ కథను నేను ఎన్నోసార్లు తరగతిలో చెప్పాను. కానీ అందులోని బోధనా రహస్యాన్ని గుర్తించలేదు. గుణాఢ్యుడు శాస్త్రం ఎంత పెద్దదో చూశాడు. శర్వవర్మ రాజుకు కావలసినది ఎంతో చూశాడు. రాజుకు మహావైయాకరణుడు కావాలన్న కోరిక లేదు. అంతఃపురంలో మరల నవ్వులపాలు కాకుండా ఉంటే చాలు. నేను గుణాఢ్యుని వలె 36 పాఠాలు సిద్ధం చేశాను. ఎవరికి ఏది కావాలో ఒక్కరినీ అడగలేదు.

అప్పుడు అడగడం ఆరంభించాను. పూర్వ విద్యార్థులు, మిత్రులు, బంధువులు కలిపి నలభై మందికి వాట్సాప్‌లో ఒకే ప్రశ్న పంపాను: ‘పద్యం విషయంలో మీరు ఎక్కడ ఆగిపోతున్నారు?’ పదిహేడు మంది సమాధానం ఇచ్చారు. గణాల పేర్లు తెలియవని ఒక్కరూ అనలేదు. ‘పద్యం రాశాను, ఎక్కడ కుంటుతోందో తెలియడం లేదు’ అని విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు రాశారు. ‘పిల్లలకు వేమన పద్యం నేర్పుతున్నాను, ఎక్కడ విరవాలో చెప్పలేకపోతున్నాను’ అని సిద్దిపేట ప్రాంతపు ఉపాధ్యాయిని ఒకరు రాశారు. డల్లాస్‌లో ఉన్న పూర్వ విద్యార్థి తన తల్లి షష్టిపూర్తికి సొంతంగా ఒక పద్యం రాసి చదవాలని ఉన్నదన్నాడు. ఈ మూడు కోరికలకూ 36 పాఠాలు అక్కరలేదు. ఒక్క ఆటవెలది చాలు.

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాలలో అయిదేసి సూర్యగణాలు ఉంటాయి. నాల్గవ గణం మొదటి అక్షరానికి యతి చెల్లాలి. ప్రాసయతి కూడా చెల్లుతుంది. ప్రాసనియమం లేదు. ఇంతమాత్రం పట్టుబడితే వేమన నడక చెవికి అందుతుంది. కనుక కొత్త పాఠక్రమానికి ఒకే వాక్యం వాగ్దానంగా రాసుకొన్నాను: ‘ఎనిమిది వారాలలో మీరు దోషం లేని ఆటవెలదులు నాలుగు రాస్తారు.’

నిజం చెప్పాలంటే నేను మొదట రాసిన వాక్యం అది కాదు. ‘ఎనిమిది వారాలలో ఎవరైనా కవి కావచ్చు’ అని రాశాను. దానిని చూసిన పూర్వ విద్యార్థిని ఒకామె ఫోను చేసి, “సార్, మీరు మాకు కళాశాలలో రెండేండ్లు పాఠం చెప్పారు కదా, మాలో ఎంతమంది కవులయ్యారు?” అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను. ఆ వాక్యాన్ని వెంటనే కొట్టివేశాను. బోధకుడు ఇవ్వగలిగింది నైపుణ్యం. ప్రతిభను వాగ్దానం చేయడానికి అతనికి అధికారం లేదు.

ఈసారి పాఠం సిద్ధం చేయకముందే అభ్యాసకులను చేర్చుకొన్నాను. ముందు చందా, తర్వాత గ్రంథం అన్న పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చందాదారుల అండతోనే చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించింది. నేను కూడా ఒక ఆదివారం గంటసేపు ఉచితంగా నమూనా పాఠం చెప్పాను. పంతొమ్మిది మంది వచ్చారు. పాఠం చివర వాగ్దానం, వారాల సంఖ్య, రుసుము, వారు చేయవలసిన పని స్పష్టంగా చెప్పాను. పన్నిద్దరు చేరారు.

అంతకంటె ఎక్కువమందిని ఎందుకు తీసుకోలేదని కొందరు అడిగారు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కృత్రిమ మేధ మీద అంతర్జాలంలో ఉచితంగా పాఠాలు చెబితే సుమారు 1,60,000 మంది నమోదయ్యారు. వారిలో చివరి వరకు నిలిచినవారు ఇరవై వేల పైచిలుకు. అది గొప్ప సంఖ్యే. అయితే అక్కడ జవాబులను దిద్దింది యంత్రం. పద్యం కుంటితే ఎక్కడ కుంటిందో చూపడమే కాక, ఆ పదం స్థానంలో ఏ పదం వేస్తే అర్థం చెడకుండా నడక కుదురుతుందో కూర్చుని చెప్పాలి. ఒక్కొక్కరి పద్యాలు దిద్దడానికి నాకు వారానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పన్నిద్దరికి నాలుగు గంటలు. నా శక్తికి అదే హద్దు. కాబట్టి ‘పన్నెండు స్థానాలే’ అని ప్రకటించాను. ఆ మాట ఆకర్షణ కోసం కాదు, గడియారం చూసి చెప్పినది.

వెల నిర్ణయించడం నాకు అన్నిటికంటె కష్టమనిపించింది. సాహిత్యానికి వెల కట్టడమేమిటని మనసు సంకోచించింది. చివరకు కాగితం మీద లెక్క వేసుకొన్నాను. ఎనిమిది పాఠాలు గంటన్నర చొప్పున 12 గంటలు. దిద్దుబాటు 32 గంటలు. సిద్ధం కావడానికి 16 గంటలు. మొత్తం 60 గంటలు. జూమ్‌లో ఉచిత సదుపాయంతో జరిపే సామూహిక సమావేశం 40 నిమిషాలకే ముగుస్తుంది కనుక దానికి చందా కట్టాలి. దానికీ, ముద్రిత పత్రాలకూ కలిపి మూడువేలు అయింది. మనిషికి 1,500 రూపాయలు నిర్ణయించాను. ఇద్దరు విద్యార్థుల వద్ద రుసుము తీసుకోలేదు. పదిమంది నుంచి వచ్చిన 15,000లో ఖర్చు పోగా 12,000 మిగిలాయి. గంటకు రెండువందలు. ఆ లెక్కను దాచకుండా వారికే చూపాను. వెలకు కారణం తెలిసినప్పుడు ఇచ్చేవారికి అనుమానం ఉండదు, పుచ్చుకొనేవారికి సంకోచం ఉండదు. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపుల వల్ల పల్లెలో ఉన్నవారు సైతం ఇంటినుండే రుసుము పంపగలిగారు.

పాఠాలు ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు జరిగేవి. వేసవిలో అప్పటికి డల్లాస్‌లో ఉదయం ఎనిమిదిన్నర. గురువారం లోపల ప్రతివారూ రెండేసి పాదాలు రాసి పంపాలి. శనివారానికి దిద్ది పంపాలి. ఇది నియమం. నేను ఒక వారం ఆలస్యం చేశాను. మరుసటి వారం సగంమంది ఏమీ రాయలేదు. గురువు మాట తప్పితే శిష్యుని పట్టుదల సడలుతుందని కళాశాలలో కంటె ఇక్కడ త్వరగా తెలిసింది. కళాశాలలో హాజరుపట్టీ ఉంటుంది. ఇక్కడ నమ్మకం తప్ప వేరొక కట్టుబాటు లేదు.

మూడవ వారంలో అసలైన పరీక్ష వచ్చింది. విశ్రాంత ఉద్యోగి ఒకరు తన రుసుము తిరిగి ఇమ్మని రాశారు. నాకు మొదట కోపం వచ్చింది. ఫోను చేశాను. ఆయన శాంతంగా ఇలా అన్నారు: “మీ పాఠంలో తప్పు లేదండీ. నాకు గురువు, లఘువు గుర్తించడమే రాదు. అవి వచ్చినవారికే ఈ పాఠం అని మీరు ముందుగా ఎక్కడా చెప్పలేదు. అందరిలో రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.” ముప్పై ఏండ్ల అనుభవంలో ‘ఇది అందరికీ వచ్చినదే’ అని నేను ఎన్ని తరగతులలో దాటిపోయానో, ఎందరు సిగ్గుతో తలవంచుకొన్నారో అప్పుడు గుర్తుకు వచ్చింది. వారికి రుసుము అడగడానికి వీలు లేకపోయింది. ఈయనకు వీలున్నది, అడిగారు. కాళిదాసు చెప్పిన పరీక్ష ఇదే కదా అనిపించింది. అదే రోజు డబ్బు తిరిగి పంపాను. తర్వాతి జట్టుకు గురులఘువుల మీద రెండు గంటల ముందు పాఠం చేర్చాను. ఆ పాఠానికి మొదట వచ్చినవారు ఆయనే.

పన్నిద్దరిలో తొమ్మండుగురు నాలుగేసి పద్యాలు పూర్తిచేశారు. ఇద్దరు మధ్యలో మానుకొన్నారు. ఒకరు రుసుము తిరిగి తీసుకొన్నారు. తర్వాత ప్రకటన రాసినప్పుడు ఈ మూడు సంఖ్యలనూ ఉన్నవి ఉన్నట్లు చెప్పాను. డల్లాస్ విద్యార్థి తల్లి షష్టిపూర్తి నాడు తన పద్యం చదివాడు. మూడవ పాదంలో యతి కొంచెం బలహీనంగానే ఉన్నది. తల్లి కన్నీళ్లకు ఆ సంగతి తెలియదు. రెండవ జట్టులో చేరినవారిలో సగంమంది మొదటి జట్టువారు చెప్పగా వచ్చినవారే.

ఈ విధంగా బోధించేవారు తెలుసుకోవలసిన న్యాయ విషయాలు కొన్ని ఉన్నాయి. ప్రాచీన కావ్యాలను పాఠంలో స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కానీ వాటి ఆధునిక వ్యాఖ్యలు అలా కావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలమంతా, ఆ తర్వాత 60 సంవత్సరాల వరకు రచనపై హక్కు ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధించింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో శిక్షణ సంస్థల ప్రకటనలకు మార్గదర్శకాలు వెలువరించింది. ర్యాంకుల గురించీ, ఉద్యోగాల గురించీ అసత్య వాగ్దానాలు చేయడం, స్థానాలు అయిపోతున్నాయని లేని తొందర కల్పించడం, విజేతల అంగీకారం లేకుండా వారి పేర్లు, ఫోటోలు వాడుకోవడం తప్పని అందులో ఉంది. ఆ నియమాలు పెద్ద శిక్షణ సంస్థలను దృష్టిలో పెట్టుకొని చేసినవి. పన్నిద్దరికి చెప్పే బోధకుడు కూడా వాటిని స్వచ్ఛందంగా పాటించడం మంచిది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు బోధకులు కావచ్చు. మీకు వచ్చిన చిత్రలేఖనమో, లెక్కలో, కుట్టుపనో నలుగురికి నేర్పవచ్చు. మీలో అందరూ ఇప్పటికే కొనుగోలుదారులు. మీ చేతిలోని ఫోనులో రోజూ ఎన్నో పాఠక్రమాల ప్రకటనలు కనబడుతున్నాయి. తల్లిదండ్రుల కష్టార్జితాన్ని చెల్లించే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. ఏమి నేర్పుతారో ఒక్క వాక్యంలో చెప్పగలరా? నేను రాసినదాన్ని ఎవరు దిద్దుతారు? చేరినవారిలో ఎందరు పూర్తిచేశారు? నాకు సరిపడకపోతే రుసుము తిరిగి ఇస్తారా? వీటికి సూటిగా సమాధానం చెప్పేవారు విద్యకు వెల పుచ్చుకొన్నా గురువులే. సమాధానం దాటవేసేవారు ఉచితంగా చెబుతామన్నా వర్తకులే.

కఠిన పదాలు – అర్థాలు

పన్నిద్దరు : పన్నెండుమంది
తొమ్మండుగురు : తొమ్మిదిమంది
అగ్రహారం : పండితులకు దానంగా ఇచ్చిన గ్రామం
ప్రతిజ్ఞ : శపథం, ఒట్టు
రుసుము : చెల్లించవలసిన సొమ్ము
ఉదకం : నీరు
మోదకం : ఉండ్రము, లడ్డూ వంటి తీపి వంటకం
వైయాకరణుడు : వ్యాకరణ పండితుడు
ప్రభృతులు : మొదలైనవారు
విశ్రాంత ఉద్యోగి : పదవీ విరమణ చేసిన ఉద్యోగి
కష్టార్జితం : కష్టపడి సంపాదించినది

వ్యాకరణాంశాలు

సంధులు
1. మోదకైః = మా + ఉదకైః – గుణసంధి
2. గుణాఢ్యుడు = గుణ + ఆఢ్యుడు – సవర్ణదీర్ఘసంధి
3. కష్టార్జితం = కష్ట + అర్జితం – సవర్ణదీర్ఘసంధి

సమాసాలు
1. రాజపుత్రులు – రాజు యొక్క పుత్రులు – షష్ఠీ తత్పురుష సమాసం
2. నాలుగు నెలలు – నాలుగు సంఖ్య గల నెలలు – ద్విగు సమాసం
3. గురులఘువులు – గురువును, లఘువును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రచయిత మొదటి ప్రయత్నంలో ఎందుకు విఫలుడయ్యాడు? రెండవ ప్రయత్నంలో చేసిన మార్పులు ఏవి?
2. ‘విద్యను విక్రయించడం దోషమా?’ అన్న ప్రశ్నకు ఈ పాఠం ఇచ్చిన సమాధానాన్ని విష్ణుశర్మ, కాళిదాసుల ప్రస్తావనల ఆధారంగా వివరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గుణాఢ్యుడు, శర్వవర్మల దృష్టిలోని భేదాన్ని తెలపండి.
2. రచయిత వెల నిర్ణయించిన పద్ధతిని వివరించండి.
3. విశ్రాంత ఉద్యోగి రుసుము తిరిగి అడిగిన సంఘటన వల్ల రచయిత గ్రహించినది ఏమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. మాలో ఎంతమంది కవులయ్యారు?
2. గడియారం చూసి చెప్పినది.
3. అందరిలో రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. విష్ణుశర్మ పెట్టుకొన్న గడువు ఎంత?
2. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏ సంవత్సరంలో స్థాపితమయింది?
3. ఆటవెలది రెండవ పాదంలో ఉండే గణాలు ఏవి?

ఉ) కృత్యం
మీకు బాగా వచ్చిన విద్య ఒకదాన్ని ఎంచుకోండి. దానిని అయిదుగురికి నాలుగు వారాలలో నేర్పడానికి ఒక ప్రకటన రాయండి. వాగ్దానం ఒక్క వాక్యంలో ఉండాలి. నేర్చుకొనేవారికి ముందుగా ఏమి తెలిసి ఉండాలో పేర్కొనండి. మీరు నిలుపుకోలేని మాట ఒక్కటి కూడా అందులో ఉండరాదు.